షావుకారుగారి రెండో రకం కిడ్నీ

ఏలూరులో నేను పనిచేసిన డయాలసిస్ యూనిట్‌కి పడమటి వైపున రెండు పెద్ద కిటికీలు ఉండేవి. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు పన్నెండింటికల్లా మంచాలెక్కేవారు. వాళ్ళ రక్తం గొట్టాల్లోంచి మిషన్‌లోకి వెళ్ళి, శుభ్రపడి మళ్ళీ ఒంట్లోకి చేరుతూ ఉండగా, ఎండ ఒక్కో మంచం మీదుగా మెల్లగా జరుగుతూ వెళ్ళేది. మొత్తం ఎనిమిది మంచాలు, నాలుగు గంటల సేపు. రెండు దాటేసరికి గదిలో మాటలు ఆగిపోయేవి. అందరూ నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉండేవారు. నేను మంచానికీ మంచానికీ మధ్య తిరుగుతూ బీపీలు చూసేదాన్ని. ఒక్కోసారి నాకూ అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు ఉండేది.

ఈమధ్య ఒక నర్సింగ్ కాలేజీకి పిలిస్తే వెళ్ళాను. మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి మేడమ్ అని పిల్లలు అడిగారు. నాకు ముందుగా గుర్తొచ్చింది నేను చేసిన తప్పు. అంతమంది ముందు నోరు రాలేదు. ఏదో పాముకాటు కేసు చెప్పి వచ్చేశాను. చెప్పాల్సింది ఇది.

ఆయనది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు. పుట్టింది మాత్రం మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున. మేమంతా షావుకారుగారనే పిలిచేవాళ్ళం. అప్పటికి అరవై ఏడేళ్ళు. బీపీ వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఆయనా, భార్యా గూడెంలో రైలెక్కి ఏలూరు వచ్చేవారు. ఆయన మంచం మీద ఉన్నంతసేపూ ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటూ ఉండేవారు. ఆవిడ కిడ్నీ ఇస్తానన్నారు గాని ఆవిడకి షుగరు. కొడుకు ఇస్తానంటే ఆయనే ఒప్పుకోలేదు. వాడికి చిన్న పిల్లలున్నారు, వాడి జోలికి వెళ్ళొద్దన్నారు. అందుకని విజయవాడలో ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రిలో పేరు రాయించారు. మెదడు పనిచేయడం ఆగిపోయినవాళ్ళ అవయవాలను వాళ్ళ కుటుంబం దానం చేస్తే, జాబితా ప్రకారం ఇస్తారు. పిలుపు వచ్చేదాకా ఎదురుచూడటమే.

కిడ్నీలు పోయినవాళ్ళు నీళ్ళు కొలుచుకుని తాగాలి. అందుకే వాళ్ళ కలల నిండా నీళ్ళే ఉంటాయి. షావుకారుగారికి ఎప్పుడూ ఒకటే కల. తాటిదోనెలో వెల్లకిలా పడుకుని కొల్లేటి మీద వెళుతూ ఉంటారట. తెడ్డు వేసేవాళ్ళు ఉండరు, దోనె దానంతటదే కదులుతుంది. పక్కకి వాలి దోసిలి నిండా నీళ్ళు పట్టి నోటిదాకా తెచ్చుకునేసరికి మిషన్ కూస్తుంది. “మీ మిషన్ మహా గడుసుదండీ సిస్టరుగారూ, ఒక్క గుక్క కూడా తాగనివ్వదు” అనేవారు. ఆ కల చెబుతున్నప్పుడు పెదాలు తడుపుకునేవారు. నేను దూది తడిపి ఇచ్చేదాన్ని.

మా యూనిట్‌లో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవాడు, దెందులూరు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మిషన్ చప్పుడు విని దానికేం జబ్బు చేసిందో చెప్పేసేవాడు. మనుషులతో మాత్రం రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప.

ఆషాఢంలో ఒక రోజు, ముసురు పట్టి ఉంది. పదకొండున్నర ప్రాంతంలో యూనిట్ ఫోను మోగింది. విజయవాడ ఆసుపత్రి నుంచి కోఆర్డినేటర్. షావుకారుగారికి గంట నుంచీ చేస్తున్నామని, ఫోను కలవడం లేదని చెప్పింది. ఆయన రైల్లో ఉండి ఉంటారు. ఆ దారిలో భీమడోలు దాటేదాకా సిగ్నల్ సరిగా ఉండేది కాదు. రెండో నంబరుగా ఆయన మాదే ఇచ్చారు. ఒక కిడ్నీ వచ్చింది, అయితే దాతకి డెబ్భై ఏళ్ళు, బీపీ ఉంది, కిడ్నీ పనితీరు కూడా అంతంతమాత్రం, జాబితాలో ముందున్న కుర్రవాళ్ళు వద్దన్నారు, ఇలాంటిదానికి ఆయన ఒప్పుకుంటారో లేదో అడగాలి అంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు మా దగ్గర డయాలసిస్ చేయించుకున్న ఒక టీచరమ్మగారికి ఇలాగే పెద్ద వయసు వాళ్ళ కిడ్నీ పెట్టారు. అది ఒక్క రోజు కూడా పనిచేయలేదు. ఇన్‌ఫెక్షన్ వచ్చి మూడు నెలల్లో పోయారు. ఆవిడ నాకు కుట్లు నేర్పిన మనిషి. యూనిట్‌లో పడుకుని ఎడమచేత్తో చూపిస్తుంటే నేను టేబుల్ క్లాత్ కుట్టాను. ఆ క్లాత్ ఇప్పటికీ వాడలేక దాచే ఉంచాను.

ఫోనులో డెబ్భై అన్న మాట వినగానే నాకు టీచరమ్మగారు కనిపించారు. అంతే. “ఆయనకి జ్వరంగా ఉందండి, ఇప్పుడు కుదరదు” అనేశాను. మూడు రోజుల క్రితం కాస్త వెచ్చబడిన మాట నిజమే, మర్నాటికే తగ్గిపోయింది. కోఆర్డినేటర్ అయ్యో అని, ఆయన పేరు దాటి తరవాతి పేరుకి వెళ్ళిపోయింది. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో.

టెక్నీషియన్ పక్కనే నిలబడి గొట్టాలు అమరుస్తున్నాడు. తల ఎత్తకుండానే, “ఆయనకి జ్వరం తగ్గిపోయింది కదండీ” అన్నాడు. నేను సూదుల ట్రే అందుకున్నాను. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పన్నెండింటికి దంపతులిద్దరూ తడిసిన గొడుగుతో వచ్చారు. నేను ఎప్పటిలాగే ఆయన చేతికి సూదులు పెట్టాను. మంచి కిడ్నీ వస్తుంది, దానికోసం ఆయన్ని కాపాడాను అనుకున్నాను. ఆ రోజు ఆయనకి కల రాలేదట.

మంచి కిడ్నీ రాలేదు. వానలు పోయాయి, చలి వచ్చింది. కార్తీకంలో ఆయన చేతిలో డయాలసిస్ కోసం చేసిన రక్తనాళం మూసుకుపోయింది. మెడలో గొట్టం వేయాల్సి వచ్చింది. దానికి రెండుసార్లు చీము పట్టింది. మనిషి ఒళ్ళు కరిగిపోయి, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడేది. స్టేషన్‌లో మెట్లెక్కలేక ఆటోలో గూడెం నుంచి రావడం మొదలుపెట్టారు. నేను ఆయన మంచం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆషాఢం నాటి ఫోను చెవిలో మోగేది. ఆ కిడ్నీ ఎవరికి పెట్టారో అని ఆలోచించేదాన్ని. బస్సులో ఎవరైనా పెద్దావిడ సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగుతుంటే, ఈవిడేనేమో అనిపించేది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం షావుకారుగారి భార్య వరండాలోంచి లోపలికి వచ్చి, నన్ను పక్కకి పిలిచి చెప్పారు. ఆయన ఇంక డయాలసిస్‌కి రానంటున్నారట. చాలు, ఇంట్లోనే ఉండనివ్వండి అంటున్నారట. మీరు చెబితే వింటారు, మీరంటే ఆయనకి గురి అన్నారు.

ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. నిలబడి చెప్పగలిగిన విషయం కాదు.

“షావుకారుగారూ, ఆషాఢంలో మీకో కిడ్నీ వచ్చిందండి. మీకు జ్వరమని చెప్పి నేనే వద్దన్నాను. మీకు జ్వరం లేదు.”

ఆయన కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. ముందు మాట్లాడింది ఆవిడ. గొంతు పెంచలేదు.

“మా తరఫున జవాబు చెప్పడానికి మీరు మాకేమవుతారండీ?”

ఆవిడ చెయ్యి విడిపించుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆయన, అది మంచిది కాదనే వద్దన్నారా అండీ అని అడిగారు. డెబ్భై ఏళ్ళ మనిషిదని, బీపీ ఉందని, టీచరమ్మగారికి జరిగింది గుర్తొచ్చి భయపడ్డానని, దాచకుండా చెప్పాను.

“నలభై ఏళ్ళు ఉల్లిపాయలు ఏరించానండి నేను” అన్నారాయన. “మొదటి రకం నెలల తరబడి నిల్వ ఉంటుంది. రెండో రకం ఉండదు. హోటలు వాళ్ళు వచ్చి ఏది పట్టుకెళతారనుకుంటున్నారు? రెండో రకమే. సాయంత్రం కూరలో వేసేదానికి అంత నిల్వ ఎందుకండీ?” కాస్త ఊపిరి తీసుకున్నారు. “నాకు అరవై ఎనిమిది నడుస్తోంది. నేనింకా ఎంతకాలం ఉంటానని, నాకోసం ఇరవై ఏళ్ళ సరుకు దాచారండీ?”

అన్నేళ్ళ సర్వీసులో నాకెవరూ అంత సూటిగా నా పని నేర్పలేదు. కుర్రవాళ్ళకి వద్దనిపించే కిడ్నీ ముసలివాళ్ళకి సరిపోవచ్చు. పుస్తకాల్లోనూ ఉంది, డాక్టర్లూ చెబుతూనే ఉన్నారు. నేను మాత్రం మంచిదనే మాట పట్టుకుని కూర్చున్నాను. ఎవరికి మంచిది, ఎన్నాళ్ళకి మంచిది అని ఆలోచించలేదు.

మా కిడ్నీ డాక్టరుగారు వారానికి రెండుసార్లు విజయవాడ నుంచి వచ్చేవారు. నా కొడుకు వయసు. మర్నాడు ఆయనకీ చెప్పాను. కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, “ఆ ఫోను నాకు ఇవ్వాల్సిందండి” అన్నారు. నన్ను కేకలేసి ఉంటే బాగుండేది. సంజాయిషీ రాసిచ్చాను, మెమో ఇచ్చారు. అది ఇప్పటికీ నా ఫైల్లో ఉండే ఉంటుంది. డాక్టరుగారు షావుకారుగారి దగ్గర చాలాసేపు కూర్చున్నారు. పెద్ద వయసు దాతదైనా సమ్మతమేనని విజయవాడకి కాగితం పంపారు. అందులో ఇంకో మాట కూడా చేర్చారు, రోగిని స్వయంగా అడగకుండా ఎవరి జవాబూ తీసుకోవద్దని. షావుకారుగారు మళ్ళీ డయాలసిస్‌కి వస్తానన్నారు. మెడ దగ్గర పుండు మానింది. ఆవిడ మాత్రం నాతో మాట్లాడటం మానేశారు.

చైత్రం చివర్లో, మధ్యాహ్నం ఒంటిగంటకి, ఆయన మిషన్ మీద ఉండగా ఫోను వచ్చింది. దాత ఆడమనిషి, డెబ్భై ఒక్క ఏళ్ళు. తలలో నరం చిట్లింది. బీపీకి చాన్నాళ్ళుగా మందులు వాడుతోంది. ముందున్న ఇద్దరు వద్దన్నారు. వింటుంటే టీచరమ్మగారు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చారు. ఒక్క నిమిషం ఉండండి అని, ఫోను తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. టెక్నీషియన్ ఏమీ అడక్కుండానే మంచం చుట్టూ తెర లాగి, వరండాలోకి వెళ్ళి ఆవిడని పిలుచుకొచ్చాడు.

విజయవాడ నుంచి డాక్టరుగారు మాట్లాడారు. స్పీకర్‌లో పెట్టాం. ఉన్నదున్నట్టు చెప్పారు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తున్నామన్నారు, అది బాగుంటేనే పెడతామన్నారు. పెట్టిన వెంటనే పనిచేయకపోవచ్చు. అసలు పనిచేయకపోవచ్చు కూడా. ఆ వయసులో ఆపరేషన్ అంటే గుండెకి ప్రమాదమే. తరవాత జీవితాంతం వేసుకోవాల్సిన మందులతో ఇన్‌ఫెక్షన్ల బెడద ఉంటుంది. ఇన్ని ఉన్నా, ఇలా గొట్టం మీద ఎదురుచూడటం కన్నా ఇదే మేలని తన నమ్మకమన్నారు.

“ఎన్నాళ్ళు వస్తుందండీ?” అని అడిగారు షావుకారుగారు.

“చెప్పలేనండి. కొన్నేళ్ళు రావచ్చు. ఖాయంగా అని మాత్రం అనలేను.”

ఆయన భార్య వైపు చూశారు. భయంగా లేదా అని ఆవిడ అడిగారు. “ఉంది. ఇక్కడ పడుకున్నప్పుడల్లా ఉంటూనే ఉంది” అన్నారాయన. ఆవిడ ఒత్తుల సంచీ మూతి ముడివేసి, “అయితే వెళదాం పదండి” అన్నారు.

అంబులెన్స్‌లో నేనూ వెళ్ళాను. హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డుకి రెండు వైపులా రెండో పంట దాళ్వా వరి కోతలైన చేలు, ఎండలో తెల్లగా మెరిసే చేపల చెరువులు. కిటికీలోంచి అవన్నీ వెనక్కి తేలుతూ పోతుంటే, మేం కదలకుండా ఒక చోటే ఉన్నట్టు, లోకమే మా పక్కనుంచి పారిపోతున్నట్టు అనిపించింది. ఆయన కళ్ళు మూసుకుని, ఆ కిడ్నీ ఇచ్చినావిడ ఎవరో తెలుసా అండీ అని అడిగారు. తెలియదని, చెప్పరని అన్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కిడ్నీ మాత్రం పనిచేయలేదు. ఒక రోజు, రెండు, వారం. మూత్రం సంచీ ఖాళీగా వేలాడేది. మళ్ళీ డయాలసిస్ చేస్తూనే ఉన్నారు. కిడ్నీ నిద్రపోతోంది, చూద్దాం అన్నారు డాక్టరుగారు. ఆదివారం సెలవు పెట్టుకుని రైల్లో విజయవాడ వెళ్ళేదాన్ని. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉండేవారు. నన్ను చూసి పలకరించేవారు కాదు గాని, పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. ఆ ఖాళీలో కూర్చునేదాన్ని. ఇద్దరం ఎదురుగా ఉన్న గోడని చూస్తూ గంటలు గడిపాం. ఈసారి ఫోను ఆయన చేతికిచ్చి తప్పు చేశానేమో, మొదటిసారే సరైన పని చేశానేమో అని కూడా అనిపించింది. అబద్ధం చెప్పను, ఆ ఆలోచన వచ్చింది.

రెండో ఆదివారం నన్ను ఒక్క నిమిషం లోపలికి రానిచ్చారు. ఆయన నీరసంగా ఉన్నా మొహంలో చిరాకు లేదు. “తొందరపెట్టకండీ. పెద్దావిడ. ఎక్కడినుంచో ప్రయాణం చేసి వచ్చింది, కాస్త పడుకోనివ్వండి” అన్నారు. నేను నవ్వలేక బయటికి వచ్చేశాను.

పదిహేడో రోజు ఉదయం నేను యూనిట్‌లో ఉండగా ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆవిడ నాతో మాట్లాడి రెండు నెలలు దాటింది.

“గ్లాసుడు వచ్చిందండి” అన్నారు. ఖాళీ సంచీలోకి మూత్రం దిగింది. టెక్నీషియన్ నా మొహం చూసి, చేతిలోని గొట్టాల కట్ట పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ కిడ్నీ ఎప్పుడూ ఫస్టుక్లాసులో పాసవలేదు. రక్తపరీక్షలో అంకెలు బొటాబొటిగా ఉండేవి. ఒకసారి న్యుమోనియా వచ్చి చావు తప్పింది. అయినా మెడలో గొట్టం తీసేశారు. ఆయన రోజూ పూటసేపు కొట్లో కూర్చోగలిగారు. మాస్కు పెట్టుకుని పొగరుగా ఉండే కొత్త గుమస్తాలా ఉన్నానని అద్దంలో చూసుకుని నవ్వుకునేవారట.

ఆ చలికాలంలో నన్ను మండవల్లి రమ్మన్నారు. పొద్దున్నే మంచు విడవక ముందు, ఆయనా ఆవిడా నేనూ పడవలో కూర్చున్నాం. డాక్టరుగారు నీళ్ళు తాకవద్దన్నారు కాబట్టి చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఇంటినుంచి తెచ్చుకున్న కాచిన నీళ్ళు సీసాతో తాగారు. పల్చటి మంచులో గూడబాతులు కనిపించీ కనిపించకుండా తేలుతున్నాయి. నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. పడవవాడు కూడా తెడ్డు ఆపేసి కూర్చున్నాడు.

“నాకన్నా మూడేళ్ళు పెద్దదండి ఆవిడ” అన్నారాయన ఉన్నట్టుండి. కిడ్నీ ఇచ్చినావిడ గురించని నాకు వెంటనే తట్టలేదు. “మా ఇంట్లో నేనే పెద్దవాణ్ణి. అక్క లేదు నాకు. ఇప్పుడు ఉందనుకుంటున్నాను.” భార్య ఆయన శాలువా సరిచేశారు. ఎండ వచ్చేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.

తరవాత నా సర్వీసు ముగిసేలోపల ఇలాంటి ఫోను ఇంకొక్కసారే వచ్చింది. మండవల్లి వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ గుమస్తాగారి కోసం. ఫోను ఆయన చేతికిచ్చాను. అన్నీ విని, నాలుగు ప్రశ్నలు వేసి, “ఇప్పుడు వద్దండి. డయాలసిస్ నాకు బాగానే పడుతోంది” అన్నారు. తీసుకుంటే బాగుండునని నాకు నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే అవతలివాళ్ళు రాసుకున్నారు. పిల్లలూ, మన పనిలో సూది గుచ్చడం కన్నా ఈ ఊరుకోవడం నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

రిటైరైన ఏడాదికి ఒక మధ్యాహ్నం షావుకారుగారి భార్య ఫోను చేశారు. ఆ ముందు వారం ఆయన భోజనం చేసి చెయ్యి కడుక్కుని, కుర్చీలో కూర్చున్నవారు అలాగే పోయారట. గుండె ఆగిందన్నారట.

“నెల్లాళ్ళ క్రితమే పరీక్ష చేయించామండి. కిడ్నీ బాగానే ఉందన్నారు. చివరిదాకా పనిచేసింది. అది మీకు చెబుదామనే చేశాను” అన్నారావిడ. “నాలుగేళ్ళు వచ్చాయి మాకు. అంతకు ముందు పోయిన ఆ పది నెలల మాట కూడా నేను మరిచిపోలేదండి.”

“నేనూ మరిచిపోలేదండి” అన్నాను.

“తెలుసు. అందుకే మీతో మాట్లాడగలుగుతున్నాను” అన్నారు. “ఒకసారి రండి, ఊరికే. ఆయన గురించి మాట్లాడుకోవడానికి నాకు ఇక్కడ అందరూ ఉన్నారు గాని, ఆ మంచం మీద ఆయన ఎలా ఉండేవారో తెలిసినవాళ్ళు మీరొక్కరే.”

మర్నాడు పొద్దున్న గూడెం బండెక్కాను.